రెండో గడి ఎవరూ నింపరు

(ఆగస్టు 20 సాయంత్రం ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన సభలో, కొండ ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. వాన వల్ల రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళకి కూడా. బాబూ, ఇటు కుర్చీలున్నాయి, లోపలికి వచ్చేయండి. వాన ఇప్పుడప్పుడే తగ్గేలా లేదు.

మొదలెట్టేముందు ఒక సంగతి. ఇవాళ మంగళవారం. ఈ సభ బుధవారం పెట్టుకుంటే పోదా అని నిర్వాహకుల్లో ఒకాయన అడిగారట. పేరు చెప్పను. ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. సరే, చివరికి మంగళవారమే ఖాయమైంది. కానీ ఆహ్వానం మీద టైము చూశారా? నాలుగు ముప్పై అయిదు. ఎవరైనా సభ నాలుగున్నరకి పెడతారు, లేదా అయిదుకి పెడతారు. ఈ ముప్పై అయిదేమిటి? మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర దాకా. మూఢనమ్మకాల మీద సభకి, రాహుకాలం వెళ్ళిపోయాక ఇంకో అయిదు నిమిషాలు ఆగి ముహూర్తం పెట్టారు!

నేనేం తప్పు పట్టడం లేదండీ. ఇందాక నేను గడప దాటుతుంటే మా ఆవిడ వెనక నుంచి "ఎక్కడికీ" అంది. ఒక్క క్షణం నా కాలు ఆగింది. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ముప్పై రెండేళ్ళు మైక్రోస్కోపులో చూసిన మనిషిని. అయినా కాలు ఆగింది. కంటికి తెలిసిన సంగతి కాలికి ఇంకా తెలియలేదు. అంచేత నమ్మేవాళ్ళని వెక్కిరించడానికి నేను రాలేదు. వెక్కిరించాలంటే మా ఇంటి గడప దగ్గరే మొదలెట్టాలి. మనం ఎందుకు నమ్ముతాం? తెలివి లేకనా? కాదు. కొండల మీద నేను చూసిన గుణియాలంత, అంటే దారాలు కట్టి మంత్రాలతో వైద్యం చేసేవాళ్ళంత, తెలివైనవాళ్ళని మా ఆఫీసుల్లో చూడలేదు.

నా ఉద్యోగం ఏమిటో చెబితే తప్ప నా మాట అర్థం కాదు. జ్వరం వచ్చిన మనిషి వేలు మీద సూదితో గుచ్చి, రక్తం చుక్క గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వెతకడం. మలేరియా ఉంటే లోపల చిన్న ఉంగరంలా కనపడుతుంది. ఉంగరానికి రాయి పొదిగినట్టు ఒక చుక్క. కనపడితే రిజిస్టరులో పాజిటివ్ గడిలో రాయాలి, లేకపోతే నెగెటివ్ గడిలో రాయాలి. అంతే ఉద్యోగం.

చేరిన కొత్తలో ఒక వారం జ్వరాలు మరీ ఎక్కువైపోయి, టైము చాలక, పాజిటివ్‌లు మాత్రం రాసి నెగెటివ్‌లు వదిలేశాను. ఏమీ లేనిదాన్ని రాయడమెందుకు అనుకున్నాను. మా సూపర్‌వైజరు వచ్చి రిజిస్టరు తిప్పి చూసి ఒకటే అడిగారు. "నాయనా, పది పాజిటివ్ అన్నావు. పదిమందికి తీస్తే పది వచ్చాయా, అయిదొందల మందికి తీస్తే పది వచ్చాయా? నీ రిజిస్టరు చూస్తే ఎలా తెలుస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నే. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పిల్లి ఎదురొచ్చింది, పని చెడింది. రాసుకున్నాం. పిల్లి ఎదురొచ్చింది, పని అయింది. రాసుకున్నామా? పిల్లి రాలేదు, పని చెడింది. రాసుకున్నామా? మన వీధుల్లో పిల్లులకి కొదవా చెప్పండి. రోజుకి నాలుగుసార్లు అడ్డం వస్తాయి. గుర్తుండేది మాత్రం స్కూటరు మీంచి పడ్డ రోజు వచ్చిన పిల్లి ఒక్కటే.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేని సంగతి ఇంకొకటి చెబుతాను.

మా నాన్న పోయేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మకి ముప్పై ఒకటి. నేను పరీక్షకి బయల్దేరే రోజున మా అమ్మ తెల్లారకముందే లేచేది. చద్దన్నం కలిపి పెట్టేది, పెన్నులో సిరా పోసి ఇచ్చేది. నేను చెప్పులేసుకునే టైముకి వంటింటి తలుపు చాటుకి వెళ్ళిపోయేది. తను ఎదురు రాకూడదని. ఎవరూ చెప్పక్కర్లేదు, తనంతట తనే. తలుపు సందులోంచి చీర కొంగు కనపడేది, బూడిదరంగు నేత చీర. "వెళ్ళొస్తానమ్మా" అంటే ఆ కొంగు కొంచెం కదిలేది. పదో క్లాసు, ఇంటర్, డిగ్రీ... అన్ని పరీక్షలకీ నేను ఆ కొంగుకే చెప్పి వెళ్ళాను.

ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి బరంపురం వెళ్ళాలి. బస్సు టైమైపోతోందని సందులో పరిగెడుతున్నాను. మలుపులో ఎదురుగా మా అమ్మ. కుళాయి రాక తిరిగొస్తోంది, చంకలో ఖాళీ బిందె. వితంతువు, ఖాళీ బిందె, రెండూ ఒకేసారి. ఆమె ముఖం చూడాల్సింది. "ఒరే నాయనా, వెనక్కి రారా, కాళ్ళు కడుక్కుని ఒక్క నిమిషం కూచుని వెళ్ళు" అంది. ఆ నిమిషం కూచుంటే బస్సు పోతుంది. నేను ఆగలేదు.

ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "చూశావా అమ్మా, నీ ఎదురు ఎంత మంచిదో" అన్నాను. మా అమ్మ ఏమందో చెప్పండి చూద్దాం. "నా వెనకాలే పంతులుగారి కోడలు నూతి దగ్గర నుంచి నిండు బిందెతో రాలేదట్రా? అదే కాపాడింది" అంది. నాకు ఆ కోడలు వచ్చిన గుర్తే లేదు. తన లెక్కలో తనకి మంచి మార్కు ఒక్కటంటే ఒక్కటి వేసుకోలేకపోయింది. వచ్చిన మార్కు కూడా తీసి పక్కింటి కోడలికి ఇచ్చేసింది. నా పెళ్ళికి కూడా ఆమె తలుపు వెనకాలే ఉంది.

సరే. జ్వరాలకి వద్దాం, అది నాకు తెలిసిన ఊరు.

మలేరియాలో వైవాక్స్ అని ఒక రకం ఉంది. అది రోజు విడిచి రోజు వస్తుంది. రక్త కణాల్లో చేరిన క్రిమి నలభై ఎనిమిది గంటలకి పెరిగి, కణాలన్నిటినీ ఒకేసారి పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు వణుకు. రెండు దుప్పట్లు కప్పినా నులక మంచం టకటకా కొట్టుకునేది, నేను చూశాను. తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం. తర్వాత చెమటలు పట్టి దిగిపోతుంది. మర్నాడు మనిషి లేచి పొలానికి కూడా వెళ్ళిపోతాడు. ఆ మర్నాడు మళ్ళీ మంచం.

ఇప్పుడు చెప్పండి. మనిషి గుణియా దగ్గరికి ఎప్పుడు వెళతాడు? బాగున్న రోజు వెళతాడా? వణుకుతున్న రోజే వెళతాడు. సోమవారం మధ్యాహ్నం వెళ్ళాడు. గుణియా చేతికి దారం కట్టాడు, కోడిని కోశాడు. మంగళవారం జ్వరం ఉందా? లేదు! కళ్ళారా చూశాడండీ. దారం కట్టారు, జ్వరం పోయింది. నేను వెళ్ళి "అది దారం వల్ల కాదు" అంటే నన్ను నమ్ముతాడా, తన ఒంటిని నమ్ముతాడా? బుధవారం మళ్ళీ వణుకు వచ్చిందనుకోండి, గుణియా అడుగుతాడు: "నిన్న ఏం తిన్నావు?" ఏదో ఒకటి తినే ఉంటాడు కదా. ఎండుచేప తిన్నాడు, పత్యం తప్పాడు. తగ్గితే దారం గొప్ప, తగ్గకపోతే ఎండుచేప తప్పు. గుణియా ఓడిపోయే దారి ఎక్కడైనా ఉందా? ఆయన మోసం చేస్తున్నాడని కూడా అనుకోకండి. ఆయనా మంగళవారం కళ్ళారా చూశాడు మరి.

పసిపిల్లలకి కడుపుబ్బరం వస్తే పొట్ట మీద వాతలు పెడతారే, అదీ ఇంతే. ఆ నొప్పి దానంతటది తగ్గేదే. వాత మిగులుతుంది, పేరు వాతకి వస్తుంది.

ఫాల్సిపారం అని ఇంకో రకం ఉంది, మన కొండల్లో అదే ఎక్కువ. అది మెదడుకి ఎక్కితే మనిషి కలవరిస్తాడు, కన్నవాళ్ళని కూడా గుర్తుపట్టడు. చూసినవాళ్ళు ఏమంటారు? గాలి సోకింది అంటారు. నవ్వకండి. మలేరియా అనే మాటకి అర్థమేమిటో తెలుసా? చెడు గాలి. ఇటలీ వాళ్ళ మాట. చిత్తడి నేలల మీంచి వచ్చే చెడు గాలి వల్ల ఈ జ్వరం వస్తుందని దొరల డాక్టర్లు వందల ఏళ్ళు నమ్మారు. మనమూ గాలే అన్నాం, వాళ్ళూ గాలే అన్నారు. మధ్యలో దోమ హాయిగా తన పని తను చేసుకుపోయింది.

ఇంకో తొమ్మిది రోజుల్లో, 29న, మనమందరం గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు చేసుకుంటాం. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మనిషి. సవర భాష కోసం ఆ కొండలన్నీ తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్లే ఆయనకి చెవులు పోయాయంటారు. ఒక భాషని చెవులతో విని నేర్చుకోవడానికి వెళ్ళిన మనిషికి!

ఆ దోమ సంగతి తేలిన రోజు ఇదే. 1897 ఆగస్టు 20. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు, మలేరియా రోగిని కుట్టిన దోమని కోసి, దాని పొట్ట గోడలో ఈ క్రిమిని చూశాడు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకో ఆగస్టు 20 కూడా ఉంది. 2013. పుణేలో పొద్దున్న వాకింగ్‌కి వెళ్ళిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ని కాల్చి చంపేశారు. మహారాష్ట్రలో అంధశ్రద్ధ నిర్మూలన సమితి పెట్టి, మూఢాచారాలకి వ్యతిరేకంగా చట్టం కావాలని ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి.

చూశారా, రెండూ ఒకే తేదీ. నాకు కొంచెం తిక్క ఉంటే ఇక్కడే ఒక పీఠం పెట్టేసేవాణ్ణి. ఇరవైలో రెండు, సున్నా, ఎనిమిదో నెల, కలిపితే పది, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మీలో నలుగురైనా నమ్మేవారు. అసలు లెక్కేమిటి? ఇరవై ముగ్గురు ఒక గదిలో ఉంటే, వాళ్ళలో ఏ ఇద్దరిదైనా ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగానికి పైనే. ఈ హాల్లో అరవై మంది ఉంటారు. ఇక్కడ అలాంటి జంట దాదాపు ఖాయం. చేతులెత్తమందును గానీ, ఒక చిక్కుంది. మా ఈడువాళ్ళందరికీ బడిలో మేష్టారు జూలై 1 అని వేసేశారు. ఆ లెక్కన మేమందరం కవల పిల్లలమే.

ఈ పొంతనలు మన బుర్ర ఊరికే వెతుక్కుంటుంది. మన బుర్రే కాదు. 1948లో స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాలని పెట్టెల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా కొన్ని సెకన్లకోసారి గింజలు పడేట్టు చేశాడు. కొన్నాళ్ళకి ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఇంకొకటి తల మూలకి పెట్టి పొడుచుకునేది. గింజలు పడ్డప్పుడు తను ఏం చేస్తోందో దాన్నే పట్టుకుంది. ఎనిమిదిటిలో ఆరు పావురాలకి తలా ఒక ఆచారం తయారైంది! క్రికెట్ మ్యాచ్ రోజు లేచి వెళితే వికెట్ పడుతుందని మా మనవడు నన్ను సోఫాలోంచి కదలనివ్వడు. మేమూ పావురాలమే.

అయితే అన్ని పనులకీ ఇలా చేస్తామా? చేయం. గోపాల్‌పూర్ వెళ్ళండి. అక్కడ సముద్రం మీదికి వెళ్ళేది మన తెలుగువాళ్ళే, ఒడియావాళ్ళు నోలియాలంటారు. తెప్ప దించేముందు గంగమ్మకి కొబ్బరికాయ కొడతారు, ఎదురు శకునం చూసుకుంటారు, మాట జాగ్రత్తగా మాట్లాడతారు. మన ఊరి చెరువులో వల వేసేవాడు అవన్నీ చేస్తాడా? బీడీ కాల్చుకుంటూ దిగిపోతాడు. ఎందుకని? చెరువులో వాడు చావడు. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఎక్కడో ట్రోబ్రియాండ్ దీవుల్లో ఇదే చూశాడు, లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రం లేదు, నడి సముద్రానికి వెళితే మంత్రం ఉంది. చేతిలో లేని పని ఎంత పెద్దదైతే కొబ్బరికాయలు అన్ని ఎక్కువ. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట నేనూ ఆ కొబ్బరికాయ మొక్కుకున్నానండీ, మా అమ్మాయి కాన్పప్పుడు. టెన్షన్‌లో మనిషి ఏదో ఒకటి చేయాలి కదా. దానికి నాకేం సిగ్గు లేదు. కొబ్బరికాయ కొట్టాం, డాక్టర్ని కూడా పిలిచాం. డాక్టర్ని పిలవకుండా కొబ్బరికాయ కొడితేనే నాకు పేచీ.

ఆ పేచీ పాముకాటు దగ్గర వస్తుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కరిచి పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. మరి మంత్రగాడికి పేరెలా వచ్చింది? మన పొలాల్లో తిరిగే పాముల్లో విషం లేనివే ఎక్కువ. జెర్రిపోతు, నీరుకట్టె కరిస్తే ఎవడూ చావడు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా కరుస్తుంది. అంటే మంత్రగాడి దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది, ఆయన అక్కడ లేకపోయినా బతికేవాళ్ళే. వాళ్ళందరూ ఊరూరా తిరిగి ఆయన పేరు చెబుతారు. చచ్చిపోయినవాడు వచ్చి చెప్పడు కదా!

ఇంకో తమాషా. మంత్రం పనిచేయక, ఒళ్ళు చల్లబడ్డాక, అప్పుడు జీపులో వేసుకుని ఆసుపత్రికి తెస్తారు. అక్కడ పోతాడు. ఊళ్ళో ఏమంటారు? ఆసుపత్రికి తీసుకెళ్ళారు, చచ్చిపోయాడు. ఆ చావు ఎవరి గడిలో రాశారు? మంత్రగాడి గడిలో కాదు.

కట్లపాము సంగతి మరీ దారుణం. రాత్రిపూట నేల మీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లారి కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. రాత్రి మర్రిచెట్టు కింద నుంచి వచ్చాడు, దయ్యం పట్టింది అంటారు. అమ్మా, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వానాకాలంలో పొద్దున్నే లేచిన మనిషికి రెప్పలు వాలుతుంటే గుణియా కాదు, ఆసుపత్రి. తాడు బిగించొద్దు, కోయొద్దు, కరిచిన కాలు కదపకుండా తీసుకెళ్ళండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ మందు ఒకటే, అది ఆసుపత్రిలో ఉంటుంది.

గ్రహణాల గురించి చెప్పమని ఎవరో చీటీ పంపారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఒడిశా మీదుగా వెళ్ళింది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో మన దేశానికి వచ్చారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, సైన్సు డిగ్రీ చేతిలో ఉంది. నేనేం చేశాను? కిటికీకి గోనెసంచి కట్టుకుని, మంచినీళ్ళ బిందెలో దర్భ వేసుకుని, ఇంట్లో కూచున్నాను. బయట పక్షులు గూళ్ళకి వెళ్ళిపోతున్న చప్పుడు మాత్రం విన్నాను. వట్టి కళ్ళతో చూస్తే కళ్ళు పోతాయన్నది నిజమే, దానికి తగిన అద్దాలు పెట్టుకుంటే సరిపోయేది. పోయిన గ్రహణం మళ్ళీ తెచ్చుకోలేను. నాకు దీనికి ఇంతకంటే జవాబు లేదు, ఒట్టి కడుపుమంట.

ఇక చిల్లంగి, అంటే చేతబడి. ఇది మాట్లాడకుండా వెళితే నేను వచ్చి దండగ. అది చేస్తుందనే ఆడమనిషిని ఒడియాలో డాహాణి అంటారు. ఒక ఇంట్లో బిడ్డ జ్వరంతో పోతుంది. వారం తిరక్కుండా ఇంకో బిడ్డ. తల్లికి ఒక కారణం కావాలి కదా? దోమ కనపడదు. క్రిమి నా మైక్రోస్కోపులో తప్ప ఎవరికీ కనపడదు. కనపడేదెవరు? వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ. మొన్న బిడ్డని ఎత్తుకుని ముద్దాడింది. ఆమెకి మొగుడు లేడు, కొడుకులు లేరు, అడిగేవాడు లేడు. ఒక్కోసారి రెండెకరాల చెక్క ఉంటుంది. గమనించారా, పదిమంది కొడుకులున్న ముసలమ్మ మీద చిల్లంగి పేరు పడటం ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. మా అమ్మని తలుపు చాటుకి పంపిన లెక్కే, ఇక్కడ కత్తి పట్టుకుని వస్తుంది.

2013లోనే ఒడిశా ప్రభుత్వం దీని మీద చట్టం చేసింది. ఒక ఆడమనిషిని మంత్రగత్తె అనడం కూడా దాని కింద నేరమే. మహారాష్ట్రలో దాభోల్కర్ బతికుండగా ఏళ్ళ తరబడి కదలని చట్టం, ఆయన పోయిన నాలుగు రోజులకి ఆర్డినెన్సుగా వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. పాము కరిచినవాణ్ణి వైద్యానికి వెళ్ళనీయకుండా మంత్రాలు వేయడం అందులో నేరం. చట్టాలు కావాలి, కాదనను. కానీ ఆరోగ్య కేంద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలో, గుణియా పక్కింట్లో ఉన్నంతకాలం మనిషి పక్కింటికే వెళతాడు.

అందుకే నేను ఒక పని చేశాను. ఇది ఎక్కడా రాయలేదు, పై అధికారులకి చెప్పలేదు. ఒక కొండ ఊళ్ళో గుణియాతో బేరం పెట్టుకున్నాను. "నీ దారం నువ్వు కట్టుకో, కోడి నువ్వు కోసుకో, నేను మాట్లాడను. దారం కట్టే చేతి వేలు మాత్రం ముందు నా దగ్గరికి పంపించు" అన్నాను. ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒక పిల్లాడు, తర్వాత ఇద్దరు. కొన్నాళ్ళకి దారాలు కట్టుకున్నవాళ్ళు మా వరండాలో వరసగా కూచునేవారు. మాత్ర నాది, పేరు ఆయనది. నాకేం నష్టం?

ఒక వానాకాలం రాత్రి, తొమ్మిది దాటింది, నా క్వార్టరు వెనక తలుపు ఎవరో గీరుతున్నారు. తీస్తే గుణియా. తల మీద గోనెసంచి, పళ్ళు టకటకలాడుతున్నాయి. ముందు తలుపు నుంచి వస్తే ఊరు చూస్తుందని వెనక నుంచి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా వేలు చాపాడు. లాంతరు దగ్గరికి లాక్కుని గుచ్చాను. నేను స్లైడు చూస్తున్నంతసేపూ నా భుజం మీంచి వంగి, "ఉంగరం ఉందా బాబూ, ఉంగరం ఉందా" అని అడుగుతూనే ఉన్నాడు. ఉంది. ఆయన్ని కూడా చూడమన్నాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. చూసి, "ఇంత చిన్నదా" అన్నాడు.

క్లోరోక్విన్ మాత్రలు నాలుగు చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకున్నాడు, మొలలో దోపుకున్నాడు. "మింగవయ్యా" అన్నాను.

"ఇవాళ మంగళవారం కదా బాబూ," అన్నాడు, "రేపటి నుంచి వేసుకుంటాను."

చెంబుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా నిలబడి నాలుగూ మింగించి పంపించాను. ఇక మీరు అడగండి. ఆ వెనకాల కుర్రాడు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నాడు, ముందు అతనికి మైకు ఇవ్వండి.